గాయాల పిచ్చర్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవాలా? ముందు మీ ఆరో పిచ్చర్ ఎవరో చూడండి

2023 ఏప్రిల్ 28, శుక్రవారం. టెక్సస్‌లో ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో మా బేస్‌బాల్ జట్టు రేంజర్స్‌కి యాంకీస్‌తో మ్యాచ్. ఆఫీసు నుంచి నలుగురం ఒకే కారెక్కి వెళ్ళాం, మా పిచ్చర్ జేకబ్ డీగ్రోమ్ బంతి వేస్తుంటే ఒక్కసారైనా కళ్ళారా చూద్దామని. నాలుగో ఇన్నింగ్స్‌లో (ముగ్గురు అవుటైతే పిచ్చర్‌కి ఒక ఇన్నింగ్స్ పూర్తయినట్టు) ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు మిగిలాడనగా డీగ్రోమ్ మైదానం వదిలి లోపలికి వెళ్ళిపోయాడు. ముంజేయి బిగుసుకుపోయిందన్నారు. మా చేతుల్లోని నాచోస్ ఇంకా సగం కూడా కాలేదు.

అంతకు ముందు డిసెంబర్‌లోనే రేంజర్స్ అతనికి 5 ఏళ్ళకు 18.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అది ట్రేడ్ (మన ఆటగాళ్ళని ఇచ్చి ఇంకో జట్టు ఆటగాణ్ణి తెచ్చుకోవడం) కాదు, పాత ఒప్పందం తీరి ఖాళీగా ఉన్నవాణ్ణి, అంటే ఫ్రీ ఏజెంట్‌గా తెచ్చుకోవడం. బాధ మాత్రం ఒకటే. ఆ ఏడాది మొత్తానికి అతను ఆడింది 6 మ్యాచ్‌లు, వేసింది 30 ఇన్నింగ్స్, పైన ఒక్క అవుట్. జూన్‌లో మోచేతికి ఆపరేషన్ అయింది. అయినా నవంబర్ 1 రాత్రి రేంజర్స్ తన చరిత్రలో మొదటిసారి లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది.

డీగ్రోమ్ ఖాళీ చేసిన చోట నిలబడ్డది డేన్ డనింగ్. సీజన్ మొదలైనప్పుడు బుల్‌పెన్‌లో, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్లలో, కూర్చున్న మనిషి. ఏడాది తిరిగేసరికి 172 ఇన్నింగ్స్, పైన రెండు అవుట్లు, 12 గెలుపులు, 3.70 ఈఆర్ఏ (అదేంటో కాస్త కింద చెప్తాను). ఆ రోజు స్టేడియంలో మేం ఎవరి పేరున్న జెర్సీ వేసుకున్నామో చెప్పక్కర్లేదు. డనింగ్ జెర్సీ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఏటా జూలై నెలాఖరుకి, ట్రేడ్‌ల గడువు దగ్గరపడేసరికి, మా లంచ్ బల్ల దగ్గర ఇదే గొడవ. "వాడు వేస్తే తిరుగులేదు, కానీ ఎప్పుడూ గాయాలే. ట్రేడ్‌లో తెచ్చుకోవాలా వద్దా?" సగం మంది పేరు చూసి ఊగిపోతారు, మిగతా సగం ఇంజరీ లిస్ట్ చూసి మొహం తిప్పేసుకుంటారు. పదేళ్ళుగా వింటున్న వాదనే కాబట్టి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మీ జట్టు ఏదైనా సరే, ఫాంటసీ లీగ్ ఆడేవాళ్ళైనా సరే, ఈ వరసలో చూసుకుంటూ వెళ్ళండి.

బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కలు. సీజన్‌కి 162 మ్యాచ్‌లు. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచ్చర్లు మామూలుగా ఐదుగురు, వంతులవారీగా వస్తారు. సీజన్ అంతా నిలబడ్డ స్టార్టర్‌కి 32 మ్యాచ్‌ల దాకా వస్తాయి. ఈఆర్ఏ అంటే 9 ఇన్నింగ్స్‌కి సగటున అతను ఇచ్చే పరుగులు, తోటి ఆటగాళ్ళ పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి. ఎంత తక్కువైతే అంత మంచిది.

1. గాయాల చిట్టా రాయండి, ఒళ్ళు భాగాలవారీగా

"గాయాలెక్కువ" అనేది ఒక జబ్బు పేరు కాదు. ఒక కాగితం తీసుకుని గత నాలుగైదేళ్ళలో ఏ తేదీన, ఏ భాగానికి, ఎలా దెబ్బ తగిలిందో, ఎన్నాళ్ళు ఆడలేదో రాయండి. తర్వాత ప్రతి గాయం పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: ఇది బంతి విసరడం వల్ల వచ్చిందా, బయటి నుంచి వచ్చి తగిలిందా?

క్రిస్ సేల్ చిట్టా చూస్తే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఎడమచేతి వాటం పిచ్చర్, అప్పట్లో రెడ్ సాక్స్‌లో ఉన్నాడు. 2020 మార్చిలో టామీ జాన్ ఆపరేషన్, అంటే మోచేతి లోపలి వైపు తెగిన లిగమెంట్ బదులు వేరే చోటి స్నాయువు (టెండన్) వేసి కట్టడం. 2022 వసంతంలో పక్కటెముక చిట్లింది. జూలైలో తిరిగొచ్చిన రెండో మ్యాచ్‌లోనే బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా వచ్చి ఎడమ చిటికెన వేలు విరగ్గొట్టింది. ఆగస్టులో సైకిల్ మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. 2023లో భుజం రెక్క ఎముక దగ్గర నొప్పితో రెండు నెలలు. 2020 నుంచి 2022 దాకా మూడు సీజన్లలో కలిపి 48 ఇన్నింగ్స్ చిల్లర!

దూరం నుంచి చూసినవాడికి ఇది శాంతి చేయించాల్సిన జాతకంలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే వేలు, మణికట్టు రెండూ ప్రమాదాలు. మణికట్టయితే బంతి వేసే చెయ్యి కూడా కాదు. వాటిని కొట్టేయండి. మిగిలినవి మోచెయ్యి, పక్కటెముక, భుజం. మోచేతి కథ మూడేళ్ళ నాడే ఆపరేషన్‌తో ముగిసింది. చూడాల్సింది భుజం ఒక్కటే. 2023లో ఆ నొప్పి తగ్గాక తిరిగొచ్చి సీజన్ చివరిదాకా ఆడాడు, మొత్తం 20 మ్యాచ్‌లు.

భాగాల్లోనూ పెద్దా చిన్నా ఉన్నాయి. వేలి మీద బొబ్బ, తొడ వెనక కండరం, డొక్క కండరం లాంటివి వస్తాయి, పోతాయి. మోచేతికి కనీసం తెలిసిన దారి ఉంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ ఆపరేషన్ మొదటిసారి చేసినప్పుడు ఆ చెయ్యి టామీ జాన్ అనే పిచ్చర్‌ది. ఆయన తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పుడు కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఎక్కువమంది తిరిగొస్తారు. రెండోసారి అదే ఆపరేషనంటే మాత్రం ఆశ తగ్గించుకోండి. భుజం అసలు భయపెట్టేది. అక్కడ చిరిగితే కుట్టొచ్చు, పాత వేగం తిరిగొస్తుందన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు. ముంజేయి బిగుసుకుందన్న వార్త వస్తే దాన్ని మోచేతి ఖాతాలోనే రాసుకోండి. మా డీగ్రోమ్‌ది అక్కడే మొదలైంది.

2. తిరిగొచ్చి ఎన్ని మ్యాచ్‌లయింది?

ఎద్దును కొనేవాడు పళ్ళు చూసి ఊరుకోడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పిచ్చర్ నడక చూడ్డానికి మేజర్ లీగ్ వాళ్ళదే బేస్‌బాల్ సావంట్ అనే సైటుంది, ఉచితం. ప్రతి మ్యాచ్‌లో ప్రతి బంతి వేగం, చెయ్యి వదిలిన ఎత్తు, ఏ రకం బంతి ఎన్నిసార్లు వేశాడు, అన్నీ దొరుకుతాయి.

మూడు సంగతులు చూడండి. మొదటిది, ఫాస్ట్‌బాల్ వేగం. తన పాత సగటు కన్నా గంటకు ఒకటిన్నర, రెండు మైళ్ళు తగ్గి అలాగే ఉండిపోతే ఏదో ఉంది. రెండోది, ఒకే మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ వేగానికీ ఐదో ఇన్నింగ్స్ వేగానికీ తేడా. అలసట మామూలే, కానీ మ్యాచ్ మ్యాచ్‌కీ ఆ తేడా పెరుగుతుంటే మంచిది కాదు. మూడోది, బంతి వదిలే చోటు. నొప్పున్న చెయ్యి తెలియకుండానే కిందికి దిగుతుంది. మనిషి నోటితో "బాగున్నాను" అంటాడు, ఆటగాళ్ళందరూ అంతే. చెయ్యి అబద్ధమాడదు.

2022 ఆగస్టు మొదటి రెండు రోజుల్లో జరిగిన రెండు ట్రేడ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఈ మెట్టు ఎందుకు దాటకూడదో అర్థమవుతుంది. 1వ తేదీన యాంకీస్ ఓక్లాండ్ నుంచి ఫ్రాంకీ మాంటాస్‌ని తెచ్చుకుంది. 2న ట్విన్స్ సిన్సినాటి రెడ్స్ నుంచి టైలర్ మాలీని తెచ్చుకుంది. ఇద్దరికీ జూలైలో భుజం నొప్పి వచ్చింది. ఇద్దరూ కొన్నాళ్ళు ఆగి తిరిగొచ్చి, గడువుకు ముందు ఏవో ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి చూపించారు. ఆ మాత్రానికే కొనుగోలుదారులు నమ్మేశారు.

మాంటాస్ యాంకీస్‌కి ఆ ఏడాది 8 మ్యాచ్‌లు ఆడి 6.35 ఈఆర్ఏ ఇచ్చాడు. తర్వాతి ఫిబ్రవరిలో భుజానికి ఆపరేషన్. మాలీ ట్విన్స్‌కి ఆ సీజన్‌లో 4 మ్యాచ్‌లు. మూడోదాంట్లో బంతి వేగం పడిపోయి మూడో ఇన్నింగ్స్‌లోనే వెళ్ళిపోయాడు, సెప్టెంబర్‌లో మళ్ళీ ప్రయత్నించి రెండు ఇన్నింగ్స్‌కే ఆగిపోయాడు. 2023లో ఇంకో 5 మ్యాచ్‌లు, ఆపైన మోచేతి ఆపరేషన్. రెండేళ్ళకీ కలిపి 42 ఇన్నింగ్స్. బదులుగా రెడ్స్‌కి ఇచ్చిన ముగ్గురిలో ఒకడు స్పెన్సర్ స్టీర్, 2023లో 23 హోమ్ రన్లు కొట్టాడు. ఆగస్టు మొదట్లో డివిజన్‌లో ముందున్న ట్విన్స్ ఆ సీజన్‌ని 78 గెలుపులు, 84 ఓటములతో ముగించింది.

నా నియమం ఒకటే. భుజం నొప్పి నుంచి తిరిగొచ్చినవాడు మామూలు విశ్రాంతితో కనీసం ఐదారు మ్యాచ్‌లు వరసగా ఆడందే ఆ పేరు నా జాబితాలోకి రాదు. గడువు ముంచుకొస్తోందని ఈ నియమం సడలించారంటే ట్విన్స్ దారిలో ఉన్నట్టే.

3. ఇన్నింగ్స్ లెక్క వేయండి

ఇక్కడ కాగితం, కాలిక్యులేటర్ కావాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే.

పేరు లేని ఒక పిచ్చర్‌ని తీసుకుందాం. ఒళ్ళు బాగుంటే 170 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 3.00. చిట్టా చూశాక మీ అంచనా ఇలా ఉందనుకోండి: సీజన్ అంతా నిలబడే అవకాశం 25 శాతం. సగం సీజన్, అంటే 90 ఇన్నింగ్స్ వేసే అవకాశం 45 శాతం. 20 ఇన్నింగ్స్‌కే చేతులెత్తేసే అవకాశం 30 శాతం. గుణిస్తే 42.5, 40.5, 6. కలిపితే 89 ఇన్నింగ్స్. మీరు కొంటున్నది ఇదీ. 170 కాదు.

మిగిలిన 81 ఇన్నింగ్స్ గాల్లోకి పోవు. వాటిని ఎవరో ఒకరు వెయ్యాలి. ఆ ఎవరో ఒకరే మీ ఆరో పిచ్చర్.

మీ ఆరో పిచ్చర్ ఈఆర్ఏ 5.00 అనుకోండి. పెద్దాయన 89 ఇన్నింగ్స్‌లో ఇచ్చేవి 30 పరుగులు. ఆరోవాడు 81 ఇన్నింగ్స్‌లో ఇచ్చేవి 45. మొత్తం 75. ఇప్పుడు గాయాల బెడద లేని, పెద్ద పేరు లేని, 4.00 ఈఆర్ఏ ఉన్న మామూలు స్టార్టర్‌ని తెచ్చుకుని 170 ఇన్నింగ్స్ వేయించండి. ఇచ్చే పరుగులు 75, 76. రెండూ ఒకటే! ఇద్దరి ధర మాత్రం ఒకటి కాదు.

అదే మీ ఆరోవాడి ఈఆర్ఏ 4.30 అయితే? 81 ఇన్నింగ్స్‌లో 39 పరుగులు. మొత్తం 69. మామూలు స్టార్టర్ కన్నా ఆరేడు పరుగులు తక్కువ. పది పరుగులు ఆదా అయితే ఒక గెలుపు అని బేస్‌బాల్‌లో మోటు లెక్క ఒకటుంది, దాని ప్రకారం సగం గెలుపుకి పైమాటే.

శాతాలు మీవి మీరు వేసుకోండి, నావి పట్టుకుని వేలాడక్కర్లేదు. ఎలా వేసినా బయటపడే సంగతి ఒకటే: అదే పిచ్చర్, అదే చెయ్యి, అదే చిట్టా అయినా ఒక జట్టుకి లాభం, ఇంకో జట్టుకి దండగ. ఆరోవాడు గట్టివాడైన జట్టే గాయాల పిచ్చర్‌ని భరించగలదు.

4. అందుకే మీ ఆరో, ఏడో పేర్లు పైకి చదవండి

మొదటి ఐదుగురి పేర్లు ఎవరైనా చెప్తారు. ఆరో పేరు చెప్పడానికి మీరు ఫోన్ తీయాల్సి వస్తే ట్రేడ్ గురించి మాట్లాడే ముందు ఆగండి. ఆ ఆరోవాడిని కావలసినప్పుడు ట్రిపుల్-ఏకి (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) పంపి మళ్ళీ పిలిపించుకునే వీలుందా అన్నదీ చూడండి. వాటిని ఆప్షన్లు అంటారు. అవి అయిపోయినవాడిని ఊరికే కింద దాచుకోవడం కుదరదు.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. 2025లో ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు నడుము దృష్ట్యా బుమ్రాని ఐదింటిలో మూడు టెస్టులే ఆడించాలని ముందే అనుకున్నారు. మన హైదరాబాదీ సిరాజ్ ఐదూ ఆడి 23 వికెట్లు తీశాడు. గెలిచిన రెండు టెస్టులూ బుమ్రా ఆడనివే. దానర్థం బుమ్రా అక్కర్లేదని కాదు, సిరాజ్ ఉన్నాడు కాబట్టి బుమ్రాని అలా వాడుకోగలిగారని.

"గాయాలు లేని పిచ్చర్" అన్న మాటని కూడా మరీ నమ్మకండి. లీగ్ 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం పిచ్చర్లని ఇంజరీ లిస్ట్‌లో పెట్టిన సందర్భాలు 2005లో 212, 2024లో 485. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 91.3 మైళ్ళు, 2024లో 94.2. ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి విసరడం, మెలికల కోసం చేతిని మెలిపెట్టడం ముఖ్య కారణాలని ఆ నివేదికే అంది. అట్లాంటా బ్రేవ్స్ 2023 డిసెంబర్ చివర్లో, 2024 సీజన్ కోసం, సేల్‌ని ట్రేడ్‌లో తెచ్చుకుంటే అందరూ అతని చెయ్యి ఎప్పుడు పోతుందా అని చూశారు. తీరా ఆ సీజన్‌లో రెండు మ్యాచ్‌లకే మోచెయ్యి పోయింది అదే జట్టు పిచ్చర్ స్పెన్సర్ స్ట్రైడర్‌ది. అంతకు ముందు ఏడాది 20 మ్యాచ్‌లు గెలిచి 281 మందిని స్ట్రైకవుట్ చేసిన కుర్రాడు.

5. ఎప్పటికి కావాలి మీకు?

జూలైలో కొంటున్నారంటే మీకు మిగిలింది రెండు నెలల సీజన్, ఆపైన అక్టోబర్‌లో ప్లేఆఫ్స్. ప్లేఆఫ్స్‌కి వెళ్తామో లేదో తెలియని జట్టుకి ఆగస్టులో ప్రతి ఐదో రోజూ వచ్చి ఆరు ఇన్నింగ్స్ వేసే మనిషి కావాలి, మెరుపులు కాదు. ఎలాగూ వెళ్తామన్న ధీమా ఉన్న జట్టుకి లెక్క వేరు. అక్టోబర్‌లో మధ్యమధ్య సెలవు రోజులుంటాయి, ముగ్గురు నలుగురు స్టార్టర్లు చాలు. అలాంటప్పుడు గాయాల పిచ్చర్ ఆగస్టంతా పడుకున్నా ఫర్వాలేదు.

డాడ్జర్స్ టైలర్ గ్లాస్నోని 2023 డిసెంబర్‌లో తెచ్చుకున్నది ఈ ధైర్యంతోనే. అప్పటిదాకా అతను ఒక్క సీజన్‌లో వేసిన అత్యధికం 120 ఇన్నింగ్స్. 2024లో 134 వేసి ఆగస్టులో మోచేతితో ఆగిపోయాడు. అతను లేకుండానే వరల్డ్ సిరీస్ గెలిచారు. 2025లో భుజం వాచి ఏప్రిల్ చివరి నుంచి జూలై దాకా లేడు. ఆ అక్టోబర్ 31న టొరంటోలో ఆరో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, 3-1 ఆధిక్యం, రెండో మూడో బేసుల మీద మనుషులు, ఒక్క అవుటూ లేదు. అప్పుడొచ్చాడు గ్లాస్నో. మూడే బంతులు, మూడు అవుట్లు, మ్యాచ్ ముగిసింది. ఓడితే సిరీస్ అక్కడితో పోయేది. మర్నాడు ఏడో మ్యాచ్‌లోనూ వేశాడు, డాడ్జర్స్ మళ్ళీ గెలిచింది.

ఇది చదివి వెంటనే సరే అనకండి. సేల్ 2024లో 18 గెలుపులు, 3 ఓటములు, 2.38 ఈఆర్ఏ, 225 స్ట్రైకవుట్లతో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. సీజన్ ఆఖరి వారంలో నడుము పట్టేసింది. ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతీ వేయలేదు, బ్రేవ్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్ళింది. ఆ ట్రేడ్ తప్పని నేననను. అక్టోబర్ కోసమే కొన్నామనుకునేవాళ్ళు మాత్రం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

6. ధర: ఎవరిని ఇస్తున్నారు, జీతం ఎవరిస్తున్నారు

పిండి కొద్దీ రొట్టె. 89 ఇన్నింగ్స్ పిచ్చర్‌కి 170 ఇన్నింగ్స్ ధర పెట్టకండి. ఈ మాట చెప్పడం తేలిక, జూలై 31 మధ్యాహ్నం అవతలివాళ్ళు "ఇంకో జట్టు కూడా అడుగుతోంది" అన్నప్పుడు పాటించడం కష్టం.

సేల్ ట్రేడ్ ఇక్కడ పాఠంలా ఉంటుంది. బ్రేవ్స్ ఇచ్చింది వాన్ గ్రిసమ్ అనే ఒక్క ఇన్‌ఫీల్డర్‌ని. ఇంకా 23 నిండని కుర్రాడు, ప్రతిభ ఉంది, కానీ బ్రేవ్స్ ఇన్‌ఫీల్డ్‌లో అతనికి చోటు లేదు. 2024కి సేల్ జీతం 2.75 కోట్ల డాలర్లయితే అందులో 1.7 కోట్లు రెడ్ సాక్సే కట్టింది. అంటే రేపు సేల్ చెయ్యి పోయినా బ్రేవ్స్ మునిగేది ఏమీ లేదు. కొద్ది రోజులకే పాత ఒప్పందం తీసేసి రెండేళ్ళకు 3.8 కోట్లతో కొత్తది రాసుకున్నారు, 2026కి తమ ఇష్టమైతేనే ఇంకో 1.8 కోట్లు. ఇలాంటి చోట ధైర్యం చేయొచ్చు. మీకు అక్కర్లేని మనిషిని ఇచ్చి, వాళ్ళ డబ్బుతో వాళ్ళ పిచ్చర్‌ని ఆడించడమంటే ఇదే.

ముగ్గురు నాణ్యమైన కుర్రాళ్ళని ఇవ్వమన్నారా, ట్విన్స్‌ని తలచుకోండి.

ఒప్పందం కాగితాలు కూడా చదవండి. బేస్‌బాల్ జీతాలు గ్యారంటీ, మంచంలో ఉన్నా పైసా తగ్గదు. ఇంజరీ లిస్ట్‌లో ఉన్న రోజులు సర్వీసులోకీ (మేజర్ లీగ్‌లో గడిపిన కాలం లెక్క) వస్తాయి. ఒక్కోసారి మాత్రం గాయమే లాభం తెచ్చిపెడుతుంది. జాన్ లాకీ రెడ్ సాక్స్‌లో చేరినప్పుడు ఒప్పందంలో ఒక షరతు పెట్టారు: మోచేతి వల్ల ఎక్కువ కాలం ఆడకపోతే చివర్లో ఒక ఏడాది లీగ్ కనీస జీతానికి ఆడాలి. మోచెయ్యి పోయింది, 2012 మొత్తం ఆడలేదు. ఆ చవక ఏడాది 2015. ఈలోగా 2014 జూలై చివర్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అతన్ని ట్రేడ్‌లో తెచ్చుకుంది, ఆ షరతుతో సహా. 2015లో 5 లక్షల డాలర్ల పైచిలుకు మూల జీతానికి లాకీ వేసినవి 218 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 2.77. రెడ్ సాక్స్ నాటిన చెట్టు, కార్డినల్స్ కోసుకున్న మామిడిపళ్ళు.

పదేళ్ళ సర్వీసు ఉండి చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఆడినవాడికి ట్రేడ్‌ని కాదనే హక్కుంటుంది. సేల్‌కీ ఉండింది, అతను సరేనన్నాకే పని జరిగింది. ముందే కనుక్కోండి.

7. మెడికల్ రికార్డులు

ఈ మెట్టు మనలాంటి వాళ్ళకి కనిపించదు, డాక్టర్ల చేతుల్లో ఉంటుంది. జట్లు మాట అనుకున్నాక రికార్డులు మార్చుకుంటాయి, డాక్టర్లు సరేనంటేనే ముగిసినట్టు.

అవతలివాళ్ళు అన్నీ చూపించారనే పూచీ లేదు. 2016 జూలై చివర్లో సాన్ డియేగో పాడ్రెస్ నుంచి మయామి మార్లిన్స్‌కి వెళ్ళినవాళ్ళలో కోలిన్ రియా ఒకడు. కొత్త జట్టుకి మొదటి మ్యాచ్‌లోనే నాలుగో ఇన్నింగ్స్‌లో మోచెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. రెండు రోజుల్లో మార్లిన్స్ అతన్ని వెనక్కి పంపేసి, తామిచ్చిన కుర్రాళ్ళలో ఒకణ్ణి తిరిగి తెచ్చుకుంది. ఆ కుర్రాడి పేరు లూయిస్ కాస్తియో. తర్వాత రోజుల్లో లీగ్‌లో పేరున్న స్టార్టర్ అయ్యాడు, అయితే మార్లిన్స్‌కి కాదు, ఆ శీతాకాలమే అతన్ని రెడ్స్‌కి ఇచ్చేశారు! అదే జూలైలో పాడ్రెస్ నుంచి రెడ్ సాక్స్‌కి వెళ్ళిన డ్రూ పోమరాంజ్ విషయంలో వైద్య వివరాలు పూర్తిగా ఇవ్వలేదని పాడ్రెస్ జనరల్ మేనేజర్ ఏ.జె. ప్రెలర్‌ని లీగ్ జీతం లేకుండా 30 రోజులు సస్పెండ్ చేసింది.

బయట ఉన్న మనకి పనికొచ్చే సూచన ఒకటుంది. నాలుగైదు జట్లు వెంటపడుతున్న పిచ్చర్ చివరికి అనుకున్నదాని కన్నా బాగా తక్కువకి పోతే, ఎవరో ఎక్స్‌రే చూసి తప్పుకున్నారని అనుకోండి.

8. తెచ్చాక ఎలా వాడతారు?

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. ఐదు రోజులకోసారి కాకుండా ఆరు రోజులకోసారి వేయిస్తే చేతికి ఊపిరి దొరుకుతుంది. 2025లో డాడ్జర్స్ ఆరుగురు స్టార్టర్లతో నడిపింది. కానీ 26 మంది జట్టులో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. ఆరుగురు స్టార్టర్లంటే బుల్‌పెన్‌లో ఏడుగురే. డాడ్జర్స్‌కి బ్యాటింగ్ కూడా చేసే పిచ్చర్ ఓటాని పిచ్చర్ల లెక్కలోకి రాడు, వాళ్ళ సంగతి వేరు. మీ బుల్‌పెన్ ఇప్పటికే రొప్పుతోందంటే ఆరుగురి ఆలోచన పెట్టుకోకండి.

పిచ్చర్‌కి ఇంజరీ లిస్ట్ కనీసం 15 రోజులు. కాస్త అనుమానం రాగానే అందులో పెట్టేసే మేనేజర్ మీకున్నాడా, "ఇంకో మ్యాచ్ చూద్దాం" అనేవాడున్నాడా అన్నది కూడా లెక్కలో వేసుకోండి. రెండోరకం వాడైతే మూడో మెట్టులో వేసిన శాతాలు మళ్ళీ వేయండి.

ఇన్ని చూశాక కూడా రెండు వైపులా సమానంగా తేలితే నేను ఒకే పెద్ద పేరు బదులు రెండు చిన్న పేర్లకి ఓటేస్తాను. 2023 గడువుకి మా రేంజర్స్ అదే పని ఇంకోలా చేసింది. ఒకే వారాంతంలో ఇద్దరిని తెచ్చింది. ఒకడు 39 ఏళ్ళ మాక్స్ షెర్జర్, మహా పేరు. జీతంలో పెద్ద భాగం అతని పాత జట్టు మెట్స్ కట్టింది. ఇంకొకడు జోర్డాన్ మాంట్‌గోమరీ, వంతు తప్పకుండా ఆడే మనిషి. షెర్జర్ 8 మ్యాచ్‌లు బాగా ఆడి సెప్టెంబర్‌లో భుజం కండరంతో ఆగాడు, వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్ వేసి నడుము పట్టేసి వెళ్ళిపోయాడు. మాంట్‌గోమరీ ఆ ప్లేఆఫ్స్‌లో 31 ఇన్నింగ్స్ వేశాడు, 2.90 ఈఆర్ఏతో. ఒక్కణ్ణే తెచ్చుంటే, ఆ ఒక్కడు షెర్జరే అయ్యుంటే, ఆ అక్టోబర్ ఏమయ్యేదో మా లంచ్ బల్ల దగ్గర ఇప్పటికీ తేలలేదు.

డీగ్రోమ్ సంగతి అడుగుతారు. ఆపరేషన్ నుంచి తిరిగొచ్చి 2025లో 30 మ్యాచ్‌లు ఆడాడు, ఈఆర్ఏ 2.97. వేసినవి 172 ఇన్నింగ్స్, పైన రెండు అవుట్లు. 2023లో డనింగ్ వేసినవి సరిగ్గా అన్నే. ఆ ఏడాది రేంజర్స్ 81 గెలిచి 81 ఓడింది, అక్టోబర్‌లో ఆటే లేదు.